ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తారు?

మా ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివింది నేను. కంప్యూటర్ టీచరు అయింది మా వదిన. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెడితే ఇప్పటికీ నాకు ఛాతీ కింద ఎక్కడో సన్నగా మండుతుంది. అసూయ అంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని కుళ్ళు అంటారు. నాది కుళ్ళే.

మేము నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళం. కర్మన్‌ఘాట్‌లో గుడికి కొంచెం ఇవతల ఒక గల్లీలో రెండో అంతస్తు కిరాయికి తీసుకున్నాం. అన్న బాటసింగారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో పనిచేస్తాడు. లారీలు దిగే వేళకు అక్కడ ఉండాలి కాబట్టి మేము లేచేసరికి ఇంట్లో ఉండడు. వదిన ఎల్‌బీ నగర్‌లో ఒక సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. నేను బీటెక్ చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పైథాన్, జావా చెబుతాను. బ్యాచ్ నిండితే నాకు పని ఉన్నట్టు. నిండకపోతే మా డైరెక్టర్ "చూద్దాం" అంటాడు. ఆ "చూద్దాం" మీదే నేను చాలా కాలంగా బతుకుతున్నాను.

మా సెంటర్ ఉన్న బిల్డింగులో బోర్డులు చదువుకుంటూ ఎక్కితే మెట్లు తెలియవు. బ్యాంకు కోచింగ్, కానిస్టేబుల్ కోచింగ్, స్పోకెన్ ఇంగ్లిష్, ఆ పక్కన మేము, మా పైన లేడీస్ హాస్టల్. మాకూ స్పోకెన్ ఇంగ్లిష్ వాళ్ళకూ మధ్య ప్లైవుడ్ గోడ. నేను లూపుల గురించి చెబుతుంటే అవతల గదిలో అందరూ ఒకే గొంతుతో ఒకే వాక్యాన్ని పదేపదే వల్లిస్తుంటారు. లూపు అంటే ఏమిటో మా పిల్లలకు నాకంటే ముందు ఆ గోడే చెప్పేది.

వదిన బడికి అంతకు ముందు ఒకసారి కంప్యూటర్లు వచ్చాయి. వాటితో పాటు ఒక కాంట్రాక్టు సారు కూడా వచ్చాడట. కాంట్రాక్టు అయిపోయింది, సారు వెళ్ళిపోయాడు, కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డ మాత్రం మిగిలింది. తర్వాత ఆ గదిలో పాత బెంచీలు వేశారు. ఈ కథ వదిన చెప్పినప్పుడు నేను నవ్వాను. తర్వాత అదే కథ నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఈసారి ఒక ట్రస్టు ముందుకొచ్చింది. ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల కొన్ని సర్కారు బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు కంప్యూటర్ సైన్స్ నేర్పడానికి డబ్బు ఇస్తామంది. షరతు ఒకటే. నేర్పేది బయటివాళ్ళు కాకూడదు, ఆ బడిలో ఇప్పటికే పనిచేస్తున్న టీచరే నేర్పాలి. యంత్రాల మీద పెట్టేదానికంటే ఆ టీచరుకు శిక్షణ ఇవ్వడానికే వాళ్ళు ఎక్కువ ఖర్చు పెడతారట. హెడ్‌మాస్టరు ముందు లెక్కల సారును అడిగాడు. ఆయన మోకాళ్ళ నొప్పి అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చోవడానికి మోకాళ్ళతో ఏం పనో ఎవరూ అడగలేదు. ఫిజిక్స్ మేడం కూతురి పెళ్ళి పనుల్లో ఉంది. అలా తిరిగి తిరిగి వదిన దగ్గరికి వచ్చింది. వదినకు కాదనడం రాదు. అది సుగుణమా, అలవాటా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు.

శిక్షణ మొదలైన కొత్తలో వదిన రోజూ సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నన్ను ప్రశ్నలు అడిగేది.

"మరిదీ, వేరియబుల్ అంటే ఏందిరా ఒక్క ముక్కల?"

"విలువను నిల్వ చేసుకునే, పేరున్న స్థానం."

"డబ్బా అను."

"డబ్బా కాదు వదినా. పైథాన్‌ల అయితే అసలే కాదు. డబ్బా మీద అంటించిన చీటీ అనుకో. చీటీ తీసి ఇంకో డబ్బాకు అంటించొచ్చు."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఓరి నీ... మంచిగ చెప్పినవ్ గదా. మా క్లాసుల గిట్లనే చెప్త."

చెప్పింది కూడా. చెప్పినప్పుడల్లా "మా మరిది చెప్పిండు" అని కూడా చెప్పేదట. ఇది నాకు చాలా ఇబ్బంది. ఆమె నా మాట దాచిపెట్టి తనదిగా చెప్పుకొని ఉంటే నా కుళ్ళుకు ఒక న్యాయమైన కారణం దొరికేది. ఆమె ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

కుళ్ళు మొదలైంది ఎక్కడో స్పష్టంగా గుర్తుంది. మా ఇంటి ఓనరు ఈ ఊరి పాత రైతు కుటుంబం వాడు. వాళ్ళ జొన్న చేన్లే ఇప్పుడు మేమంతా ఉంటున్న కాలనీ. ఒకరోజు నేను హెల్మెట్ చేతిలో పట్టుకొని కిందికి దిగుతున్నాను, వదిన బడి నుంచి అప్పుడే వచ్చింది. ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"టీచరమ్మా, మా మనుమడు కంప్యూటర్ తీస్కుంటడట. మంచిదేనా?"

"మా మరిదిని అడుగుండ్రి అన్నా. ఆయన ఇంజనీరు."

ఆయన నా వైపు చూశాడు. బండి రిపేరు షెడ్డులో పాత స్పేరుపార్టును చూసినట్టు చూశాడు. "ఇంజనీర్లు గల్లీకి పది మంది ఉన్నరమ్మా. సర్కారు టీచరు నోట్లకెళ్ళి ఒస్తే నమ్మకం."

నాలుగేళ్ళు నేను చదివినవన్నీ ఆ మెట్ల మీద నిలబడి ఉండగా లెక్కపెట్టుకున్నాను. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు, నెట్‌వర్కులు. వదిన చదివినవి కూడా లెక్కపెట్టాను. ట్రస్టు ఇచ్చిన ఒక పుస్తకం, సగం. అయినా మనవడి భవిష్యత్తు అడగాల్సింది ఆమెనే.

సంవత్సరం చివర్లో ట్రస్టు వాళ్ళు ఒక పోస్టు పెట్టారు. వచ్చే ఏడు ఇంకొన్ని బడులను కలుపుతున్నారు. ఆ బడుల టీచర్లకు నేర్పడానికి ఒక ట్రైనరు కావాలి, దీనికి మాత్రం బయటివాళ్ళు కూడా దరఖాస్తు చేయవచ్చు అన్నారు. ఆ సంగతి నాకు చెప్పింది వదినే.

"నీకే సరిపోతది. వెయ్యి."

వేశాను. ఆ ఉద్యోగం నాకు ఎందుకు కావాలో నాలో నేను చాలాసార్లు వరస పెట్టి చెప్పుకున్నాను. నెల నెలా జీతం. "చూద్దాం" అనే మనిషి ఉండడు. ప్లైవుడ్ గోడ ఉండదు. ఇవన్నీ నిజమే. కానీ ఆ వరసలో చేర్చని కారణం ఒకటి ఉంది. టీచర్లకు నేర్పేవాడు టీచరు కంటే ఒక మెట్టు పైన ఉంటాడు. ఆ మెట్టు నాకు కావాలి.

ఇంటర్వ్యూ చేసింది ట్రస్టు కోఆర్డినేటర్, విజయవాడ వైపు ఆవిడ. నన్ను ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు చెప్పాను. చివర్లో నేనే ఒక ప్రశ్న వేశాను. "జీవశాస్త్రం టీచరుకు ప్రోగ్రామింగ్ నేర్పడం కంటే ప్రోగ్రామింగ్ వచ్చినవాడినే బడిలో పెడితే ఖర్చు తగ్గుతుంది కదా మేడం?"

"తగ్గుతుందండీ," అంది ఆమె. "ఎంతకాలం?"

నేను సర్టిఫికెట్ల ఫైలు సర్దుకున్నాను.

"కంప్యూటర్లకి డబ్బులు అడిగితే దాతలు ఇట్టే ఇస్తారు. రిబ్బన్ కట్ చేసి ఫోటో దిగొచ్చు కదా. టీచర్‌కి నేర్పించటానికి ఇవ్వండీ అంటే ముఖాలు చూస్తారు. టీచర్ బుర్రకి రిబ్బన్ ఎక్కడ కడతాం చెప్పండి? కానీ చివరికి బళ్ళో మిగిలేది ఆవిడే. మీలాంటి వాళ్ళకి మంచి ఆఫర్ వస్తే ఉంటారా, నిజం చెప్పండి?"

ఆ సమయంలో నా ఫోన్లో రెండు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పంపిన దరఖాస్తులు ఉన్నాయి. "ఉంటానండీ" అన్నాను. ఆమె నవ్వింది. నమ్మినట్టు లేదు, తప్పుపట్టినట్టూ లేదు. ఇక మిగిలింది ఒక్కటే, పిల్లల ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలి, దాన్ని బట్టే పోస్టు ఇస్తాం అంది. ఏ బడిలో అంటే వదిన బడిలో. ఎనిమిదో తరగతి. పాఠం: ఫంక్షన్లు.

నేను ఆ పాఠాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో నాకే గుర్తులేదు. అయినా కొత్తగా తయారు చేసుకున్నాను. ముందు నిర్వచనం, తర్వాత ఎందుకు అవసరం, తర్వాత ఉదాహరణ, తర్వాత అభ్యాసం. వదిన ఏమీ సలహా ఇవ్వలేదు. ఒక్క మాట అంది: "జర నవ్వుకుంట చెప్పు. పిల్లలు భయపడ్తరు."

ఆ రోజు క్లాసులో అందరూ నీలం యూనిఫారాల్లో, బెంచీకి నలుగురు చొప్పున కూర్చున్నారు. వెనక కుర్చీల్లో కోఆర్డినేటరు, హెడ్‌మాస్టరు, వదిన. బడి ఇంగ్లిష్ మీడియం అయినా తెలుగులో వివరించాలని ట్రస్టు నియమం. నేను బోర్డు మీద మూడు వరసల ప్రోగ్రాం రాసి, "ఫంక్షన్‌ను ఒకసారి రాసి పెట్టుకుంటాం. తర్వాత అవసరమైనప్పుడల్లా దాన్ని పేరుతో పిలుస్తాం" అన్నాను. ఇంగ్లిష్‌లో కాల్ చేయడం. తెలుగులో పిలవడం. అనువాదంలో ఏ లోపమూ లేదు.

మూడో బెంచీలో రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఫంక్షన్‌కి పిలుస్తరు గదా. ఫంక్షన్నెట్ల పిలుస్తరు?"

క్లాసంతా నవ్వు. వెనక బెంచీ నుంచి ఇంకో గొంతు: "ఫంక్షన్ హాల్‌కి ఫోన్ కొట్టి, నువ్వే మా ఇంటికి రా అనాలెనే!"

"ఆ ఫంక్షన్ వేరు, ఈ ఫంక్షన్ వేరు," అన్నాను. "ఆ అర్థం మర్చిపోండి."

సాంకేతికంగా ఆ మాటలో తప్పు లేదు. కానీ ఆ పిల్లలు ఉండే చోట్ల సగం గల్లీల మూలల్లో ఫంక్షన్ హాళ్ళే. పెళ్ళి, చీరలు కట్టించుడు, పంచెలు కట్టించుడు, పసిబిడ్డకు ఇరవై ఒకటో రోజు, అన్నీ ఫంక్షన్లే. వాళ్ళను ఫంక్షన్ మర్చిపోమనడం అన్నం మర్చిపోమన్నట్టు. ఇది నాకు అప్పుడు తోచలేదు. అప్పుడు నాకు తెలిసింది గదిలో నవ్వు ఆగిపోయిందనే. నేను చెబుతూ పోయాను, వాళ్ళు రాసుకుంటూ పోయారు. ఎవరూ మళ్ళీ చెయ్యెత్తలేదు. పాఠం నేను అనుకున్న సమయానికి సరిగ్గా పూర్తయింది.

కోఆర్డినేటర్ లేచి బోర్డు మీద ఉన్నదాన్ని చూపించింది. "ఇది ఏం చేస్తుందర్రా? ఎవరైనా చెప్పండి."

అందరూ మెడలు తిప్పి వదిన వైపు చూశారు. పాఠం చెప్పింది నేను, చూపులు ఆమె వైపు.

"మేడం, మీరొకసారి చెప్తారా?"

వదిన ఇబ్బందిపడింది. "మా మరిది... సారు చెప్పిండు గదా మేడం."

"టీచర్ మరిదంటనే!" అని గుసగుస ముందు బెంచీ దాకా పాకింది. హెడ్‌మాస్టరు "చెప్పమ్మా, ఏం పర్వాలేదు" అన్నాడు. వదిన లేచి ముందుకు వచ్చింది. చాక్‌పీస్ తీసుకోలేదు. నేరుగా రెండు జడల అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"మొన్న మీ అక్క ఫంక్షనైంది గదనే. ఎవలెవల్ని పిలిచిండ్రు?"

"సుట్టాలందర్ని టీచర్."

"సుట్టాలు గాదు. పని చేసెటోళ్ళు."

"బ్యాండోళ్ళు, ఫోటోలాయన, వంటాయన."

"వంటాయన్ని పిలిచి చేతికి ఏమిచ్చిండ్రు?"

"బియ్యం, మటను, నూనె, మసాలా."

"ఆయన తిరిగి ఏమిచ్చిండు?"

"బగారన్నం!" క్లాసు మొత్తం జవాబు చెప్పింది.

"ఉప్పెంతెయ్యాలె, మంటెంత వెట్టాలె అని మీ అమ్మ పక్కన నిలవడి చెప్పిందా?"

"లే టీచర్. చెప్తే కోపానికొస్తడు."

"రేపు పక్కింటోళ్ళు పిలిస్తే?"

"గాళ్ళ సామాను తోని గాళ్ళకు వండుతడు."

"సామాను ఇయ్యకుంట ఉత్తగ పిలిస్తే?"

"లొల్లి వెడ్తడు!"

"దాన్నే ఎర్రర్ అంటరు," అంది వదిన. అప్పుడు బోర్డు వైపు తిరిగింది. "గీ ఫంక్షన్ అంటే మీరనుకునే ఫంక్షన్ గాదు. ఫంక్షన్‌కి మీరు పిలిచిన వంటాయన. సారు రాసిండు సూడుండ్రి. ఇది ఆయన పేరు. బ్రాకెట్ల ఉన్నది మీరిచ్చే సామాను. రిటర్న్ అన్నకాడ ఉన్నది గిన్నెలకొచ్చిన బగార."

బోర్డు మీద ఉన్నవి నా అక్షరాలే. ఒక్కటీ మార్చలేదు. పిల్లలకు అవి అప్పుడే కనిపించినట్టు కళ్ళు బోర్డు మీద నిలిచాయి. అంతకంటే అవమానం ఉంటుందా అనుకున్నాను. చెరిపేసి తన పద్ధతిలో రాసుకున్నా కొంత ఊరటగా ఉండేది.

ఇంతలో కిటికీ పక్క కూర్చున్న ఒకడు లేచాడు. "టీచర్, మా ఇంట్లకొచ్చిన వంటాయన నూనె డబ్బా ఎత్కపోయిండు."

నవ్వులు. హెడ్‌మాస్టరు కూడా నవ్వాడు. వదిన నా వైపు తిరిగింది. "దీనికి జవాబు నాకు రాదు బిడ్డా. ఇంజనీరు సారుకే ఒస్తది."

నిజంగానే రాదా, నాకోసం వదిలిందా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు. ఇచ్చిన సామాను తప్ప ఇంట్లో ఇంకేదీ ముట్టుకోకుండా వండి పెట్టేవాడే మంచి వంటాయన అన్నాను. ఫంక్షన్ కూడా అంతే, బయట ఉన్న వేరియబుల్స్‌ను చెప్పకుండా మార్చిందంటే తర్వాత మనం నూనె కోసం వెతుక్కోవాల్సి వస్తుంది, తప్పు ఎక్కడుందో దొరకదు అన్నాను. పిల్లలు నవ్వారు. ఇద్దరు ముగ్గురు ప్రశ్నలు కూడా వేశారు. ఆ కాసేపు నేను నిజంగా బాగా చెప్పాను. కానీ ఆ నవ్వు నాది కాదు. ఆమె వెలిగించిన పొయ్యి మీద నేను గిన్నె పెట్టాను.

సాయంత్రం ఇంటికి బండి మీద వస్తున్నప్పుడు వదిన వెనక కూర్చుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం జనం సంచులతో సగం రోడ్డు దాకా నిలబడి ఉన్నారు. బండి కదలడం లేదు.

"నూనె డబ్బా ముచ్చట మస్తు చెప్పినవ్ మరిదీ."

"నీ ఉదాహరణల తప్పులున్నయి వదినా."

"ఏంది తప్పు?"

"వంటాయన ఒకరోజు ఉప్పెక్కువ ఏస్తడు, ఒకరోజు తక్కువ ఏస్తడు. ఫంక్షన్ అట్ల చెయ్యది. అదే సామాను ఇస్తే ఎప్పుడైనా అదే ఒస్తది. ఇంకోటి, పిలిచేది ఒక్కన్నే అయినా ఆయన వెంట నలుగురు ఒస్తరు. మూడోది..."

"సరే, రేపు పిల్లలకు చెప్త."

"అంటే ఇయ్యాల తప్పు చెప్పినట్టే గదా?"

"తప్పే. అందుకే రేపు కూడ క్లాసుంటది," అంది. "అంత ఇయ్యాలనే చెప్తే రేపు నేనేం చెప్పాలె?"

జవాబు లేనప్పుడు నేను హారన్ కొడతాను. కొట్టాను.

కోఆర్డినేటర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను సెంటర్ మెట్ల మీద ఉన్నాను. కానిస్టేబుల్ కోచింగ్ వాళ్ళు దిగుతున్నారు, నేను గోడకు అతుక్కొని నిలబడ్డాను.

"మీ సబ్జెక్ట్ చాలా బాగుందండీ. ఊరికే అనటం లేదు," అంది. "కానీ ఆ రోజు క్లాసు చూశాక ట్రైనర్ పోస్టే తీసేద్దాం అనుకున్నాం. ఆ డబ్బు కూడా టీచర్ల మీదే పెడతాం. కొత్త బళ్ళ టీచర్లకి ఒక టీచరే నేర్పిస్తే వాళ్ళకి తొందరగా ఎక్కుతుంది. మీ వదినగారిని అడిగాం. మీరేమీ అనుకోకండి."

"లేదండీ," అన్నాను. "మంచి నిర్ణయం."

నేను కోరుకున్న మెట్టు ఇంకొకరికి ఇవ్వలేదు, మెట్టునే తీసేశారు. తీసేసి ఆ ఇటుకలతో వదిన కింద ఇంకొంచెం ఎత్తు కట్టారు. న్యాయంగా ఆలోచిస్తే వాళ్ళు చెప్పింది సరైనదే. నేను న్యాయంగా ఆలోచించి, ఆ తర్వాత కూడా కుళ్ళుకున్నాను. రెండూ ఒకేసారి చేయవచ్చని అప్పుడే తెలిసింది.

ఇంటికి వెళ్ళేసరికి వదిన బట్టలు మడతపెడుతోంది. నన్ను చూడగానే ముందే అంది.

"ఫోన్ చేసిందా?"

"చేసింది."

"నేను వద్దంటే మా మరిదికిస్తరా అని అడిగిన. ఇయ్యరట. నేను కాదంటే ఇంకో బడి టీచర్ను సూస్తరట. అందుకే ఒప్పుకున్న." నా చొక్కా దులిపి మడతపెట్టింది. "నువ్వు కోపానికొస్తవని తెలుసు. కానీ నాక్కూడ చెయ్యబుద్ధయింది మరిదీ. అబద్ధమెందుకు?"

ఆమె నాకోసం వదులుకుంటానని ఉంటే నేను పెద్దమనసుతో వద్దని ఉండేవాణ్ణి. నాకు బాధపడడానికి ఒక గౌరవమైన పద్ధతి ఉండేది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. అన్న మార్కెట్ నుంచి తెచ్చిన జామకాయ నా చేతిలో పెట్టి, "ఆమెకు నేర్పింది నువ్వే గదరా తమ్మీ. అసలు గురువు నువ్వే" అన్నాడు. ఓదార్పులు రకరకాలుగా ఉంటాయి. వాటిలో ఇది అన్నిటికంటే పదునైన రకం. జామకాయ తిన్నాను. తియ్యగానే ఉంది.

కొత్త టీచర్ల శిక్షణ ఒక రెండో శనివారం మొదలైంది, వదిన బడిలోనే. అన్న మార్కెట్లో ఉన్నాడు కాబట్టి నేనే బండి మీద దింపాను. గేటు దగ్గర కొందరు టీచర్లు చెట్టు నీడలో నిలబడి సణుగుతున్నారు. "రెండో శనివారం కూడ ఇడ్సిపెట్టరా?" అంటున్నాడు ఒక పెద్ద సారు. వదినను చూసి సర్దుకున్నారు.

"ఎవలు మేడం, ఈయన?"

"మా మరిది. కంప్యూటర్ ఇంజనీరు. నాకు నేర్పింది ఈయనే."

మళ్ళీ అదే. అందరూ నా వైపు తిరిగి నమస్తే అన్నారు. లోపలికి రండి, చాయ్ తాగి పోండి అన్నారు. బ్యాచ్ ఉంది అని చెప్పి బండి తిప్పాను. మూల మలుపు దాకా పోయి ఆగాను. అక్కడి నుంచి బడి పక్క గోడ వెంట నడిస్తే వాళ్ళ గది కిటికీ కిందికి చేరుకోవచ్చు. ఏం తప్పు చెబుతుందో విందామని. ఇంకే కారణమూ లేదు. తప్పు దొరికితే ఏం చేయాలో కూడా ఆలోచించుకోలేదు. దొరికితే చాలు.

లిస్టుల గురించి చెబుతోంది. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత పెద్ద సారు గొంతు వినిపించింది.

"మేడం, మొదటి పేరుకు నంబరు జీరో ఏంది? నా హాజరు పట్టీల మొదటి పిల్లగాడు ఒకటో నంబరు. జీరో నంబరు పిల్లగాడు ఎక్కడన్న ఉంటడా?"

"ఉంటడు సార్, వెనక బెంచీల," అన్నారెవరో. నవ్వులు.

వదినకు ఇది రాదని నాకు తెలుసు. ఇది నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. నా లోపల ఏదో హాయిగా పరుచుకుంది.

"ఆగుండ్రి సార్, తెలిసినోన్ని అడుగుదాం," అంది.

నా జేబులో ఫోన్ మోగింది.

కిటికీ కింద నిలబడి ఉన్నాను. రింగు లోపలికి వినబడుతుంది. గబగబా నొక్కి, వంగి, గోడ వెంట రోడ్డు వైపు నడిచాను.

"యాడున్నవ్ మరిదీ?"

"దిల్‌సుఖ్‌నగర్ దగ్గర," అన్నాను గుసగుసగా.

"స్పీకర్ల పెడుతున్న. జీరో కెళ్ళి ఎందుకు మొదలువెడ్తరో సార్లకు జర చెప్పు."

ఇప్పుడు నా గొంతు ఆ గదిలో రెండు దారుల్లో వినిపించే ప్రమాదం ఉంది. చేత్తో నోరు కప్పుకొని, నడుస్తూనే చెప్పాను. అది వరస సంఖ్య కాదు, మొదలు నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. మొదటిది మొదలులోనే ఉంటుంది కాబట్టి దూరం సున్నా. ఒక్క పదం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"సారు ఎందుకు గుసగుస మాట్లాడుతున్నరు?" అని ఒక టీచరమ్మ.

"క్లాసుల ఉన్నడేమో పాపం," అంది వదిన.

"మేడం, నాకైతే అర్థం కాలే," అన్నాడు పెద్ద సారు.

తర్వాత వదిన గొంతు.

"సార్, మీరు ఇక్కడికెళ్ళి దిల్‌సుఖ్‌నగర్ పోవాలె. ఎల్‌బీ నగర్ల మెట్రో ఎక్కిండ్రు. దిల్‌సుఖ్‌నగర్ ఎన్నో స్టాపు?"

"విక్టోరియా మెమోరియల్ ఒకటి, చైతన్యపురి రెండు, దిల్‌సుఖ్‌నగర్ మూడు."

"మరి ఎల్‌బీ నగర్?"

"అది... మనం ఎక్కింది గదా మేడం. ఎక్కినదాన్ని ఎవలన్న లెక్కవెడ్తరా?"

"గదే సార్ జీరో. లేక గాదు. ఆడికెళ్ళే మొదలు."

"ఓహో!" అన్నాడు పెద్ద సారు. "గిట్ల చెప్పాలె మేడం. గిట్ల చెప్తే అయిపాయె గదా!"

ఆ మెట్రో నేను ఎన్నిసార్లు ఎక్కానో చెప్పలేను. ఆ మూడు స్టేషన్లూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ ఉదాహరణలో తప్పేముందా అని వెతికాను. ఒకటికి రెండుసార్లు వెతికాను. నేను చెప్పిన వాక్యమే అది, అక్షరం పొల్లుపోకుండా. రైలు ఎక్కించి పంపింది, అంతే.

వదిన ఫోన్ కట్ చేయడం మర్చిపోయింది. నేను రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకొని, తర్వాత పాఠం కూడా విన్నాను. మధ్యలో సెంటర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. బ్యాచ్ కూర్చొని ఎదురుచూస్తున్నట్టుంది. ఎత్తాలంటే ఇటువైపు కట్ చేయాలి. ఎత్తలేదు.